టెంకల పొయ్యి, చోళ్ల కుండ

విశాఖపట్నం

అన్నయ్యకు నమస్కారం.

ఆకలితో ఉన్నవాళ్లు విత్తనాల గింజలు తినేస్తారా, దాచుకుంటారా? ఎన్నేళ్లుగానో నన్ను వదలని ప్రశ్న ఇది. మొన్న మా తవ్వకంలో రెండువేల ఏళ్ల కిందట కాలిపోయిన ఇల్లు బయటపడింది. పొయ్యిలో, కరువు రోజుల్లో జీడి పిండితో అంబలి కాచుకునే మామిడి టెంకలున్నాయి. పక్కన కుండలో, కలుపు గింజ ఒక్కటీ లేకుండా ఏరి పెట్టిన చోళ్లు, అదే రాగులు, బొగ్గై ఉన్నాయి. మట్టి జల్లించే పైడితల్లి, "ఇత్తనాలమ్మా ఇయ్యి! పిల్లలకి టెంకంబలి పోసి ఇయ్యి దాసింది సూడు, ఆ తల్లిది గుండెకాయో రాయో!" అంది. ఆ పిల్లలు బతికారో లేదో మాత్రం గింజలు చెప్పవు.

వదిన మోకాళ్లు ఎలా ఉన్నాయి? నాన్న పంటల నోటుబుక్కు పారేయకు. మేనకోడలు ధనశ్రీ చదువు కోసం నాన్న పొలంలో మిగిలిన ఎకరం అమ్ముదామని రాశావు. పిల్లకి నా దీవెనలు. సంతకం పెట్టాలో వద్దో నాకింకా తేలలేదు.

నీ చెల్లెలు
సూర్యకళ