ఉత్తరం కిటికీ ఉన్న గది

ముడిమ్యాల,
ఆదివారం మధ్యాహ్నం.

బావకు,

లిదియా వందనాలు. దేవుని దయవల్ల నువ్వు అక్కడ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి కాసేపు ఆగిపోయాను. అందరం అనే మాటలో ఇప్పుడు మామ లేడు కదా. అందుకే అత్తమ్మా నేనూ ఇద్దరం బాగానే ఉన్నామని రాస్తున్నాను. మామ పోయి నేటికి నలభై ఏడు రోజులు.

మీ క్యాంపు ఎలీషా అన్న సెలవు మీద రాగానే శంకర్‌పల్లి నుంచి బండి మీద వచ్చి నీ ఉత్తరం ఇచ్చి వెళ్లాడు. పెళ్లయిన ఈ పదకొండేళ్లలో నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరం అది. ఫోన్‌లో మాట్లాడబోతే బాపు గుర్తొచ్చి మధ్యలోనే పెట్టేస్తున్నాననీ, అందుకే కాగితం మీద పెట్టాననీ రాశావు. నేనూ అందుకే కాగితం తీసుకున్నాను. ఫోన్‌లో నీ ముఖం కనిపిస్తే నేను నిజం చెప్పలేను. ఎలీషా అన్న గురువారం మళ్లీ మస్కట్‌కు బయలుదేరుతున్నాడు, అతని చేతికే ఇస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను.

అత్తమ్మ తింటోందా అని అడిగావు. తింటోంది, కానీ పిలిస్తేనే. మొన్న బియ్యం డబ్బా ముందు చాలాసేపు కూర్చుంటే ఏమైందని అడిగాను. "ఆయన లేకుంట ఎన్ని బియ్యం పొయ్యాల్నో తెలుస్తలేదు" అంది. మోకాళ్ల నొప్పికి మాత్రలు వేసుకుంటోంది. క్యారెట్ తీతకు కూలికి పోవద్దని చెప్పినా వినడం లేదు. ఇంట్లో కూర్చుంటే ఇంకా కష్టంగా ఉందట.

స్లాబు కారుతోందా అని అడిగావు. కారడం లేదు. మూడు రోజులు ముసురు పట్టినా గది లోపల చుక్క పడలేదు. కిటికీ కింద మూలన మాత్రం కొంచెం చెమ్మ వచ్చింది. మామ ఉంటే ఒక్క పూటలో సరిచేసేవాడు.

బల్ల ఎత్తు సరిపోయిందా, వెలుతురు ఎట్లా ఉంది, స్టాండ్ మీద ఇప్పుడు ఏ బొమ్మ ఉంది అని అడిగావు. చివర్లో, సమాధికి రాలేకపోయానని బాధపడుతూ, బాపు పోయేటప్పుడు నీ గురించి ఏమన్నాడో ఇంకోసారి వివరంగా రాయమన్నావు. ఈ రెండింటికీ జవాబు చెప్పాలంటే ఆ గది కథ మొదటి నుంచి రాయాలి. ఓపిగ్గా చదువు.

రెండోసారి కూడా కడుపు నిలవనప్పుడు నేను మంచం దిగకుండా ఉన్న రోజులు నీకు తెలుసు. ఆ తర్వాత నువ్వు సెలవు అయిపోయి వెళ్లిపోయావు. అక్కడ మీ క్యాంపులో మంచం మీద కూర్చుని ఈ గది గీశావు. ఏసీలు బిగించే మనిషివి, బొమ్మలు గీసేవాళ్లకు ఏం కావాలో ఫోన్‌లో చూసి చూసి నేర్చుకున్నావు. ఎండ నేరుగా పడని వెలుతురు కావాలని కిటికీ ఉత్తరానికి పెట్టించావు. తెల్లగోడ మీద రంగులు కళ్లను మోసం చేస్తాయని గోడలకు లేత బూడిద రంగు చెప్పావు. నిలబడి గీయడానికి నా మోచేతి ఎత్తు కొలిచి పంపమన్నావు. కుంచెలు కడుక్కోవడానికి వంటింట్లోకి పోతే ధ్యాస చెదురుతుందని మూలన తొట్టి పెట్టించావు. బయటి చప్పుడు లోపలికి రాకుండా మందపాటి తలుపు, దాని చుట్టూ రబ్బరు పట్టీ. మేకల కొట్టం ఉన్న చోట అంత శ్రద్ధగా కట్టిన గది ఈ ఊళ్లో ఇంకొకటి లేదు.

మామకు మొదట నచ్చలేదు. నీ కాగితం చేతిలో పట్టుకుని, "ఏందిది బిడ్డా, పొద్దు రాని దిక్కుకు గింత పెద్ద కిటికీ పెడతరా ఎవరన్న?" అన్నాడు. ఎందుకో నేను చెప్పాను. గోడలు నడుము ఎత్తు లేచాక, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి ఆ కిటికీ జాగాలో నిలబడి తన అరచెయ్యి చాచి చూసుకున్నాడు. సాయంత్రం నన్ను పిలిచి, "నిజమే. పొద్దంత ఒక్క తీరుగ ఉన్నది. వానికి ఎట్ల తెలిసిందో" అన్నాడు. నిన్ను తలుచుకుని ఆయన గర్వపడింది ఆరోజే చూశాను. పక్కన చిన్న మంగళారం ఊళ్లో ముప్పై ఏళ్లు ఊరోళ్ల ఇళ్లూ సిటీవాళ్ల ఫాంహౌసులూ కట్టిన మేస్త్రీ, అరవై ఎనిమిదేళ్ల వయసులో నేలకు షాబాద్ బండలు తనే మోసి, తనే పరిచాడు. కూలివాళ్లను ముట్టుకోనివ్వలేదు.

గది తయారయ్యాక నేను మొయినాబాద్ స్కూల్లో డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం మానేశాను. నువ్వే మానెయ్యమన్నావు. రోజూ పొద్దున తొమ్మిదింటికి లోపలికి వెళ్లి గడియ పెట్టుకునేదాన్ని. మామ బయట అరుగు మీద కూర్చునేవాడు. ఎవరు గట్టిగా మాట్లాడినా, "మెల్లగ మాట్లాడుండ్రి. లోపట మా కోడలు బొమ్మలు గీస్తున్నది" అని చెప్పేవాడు. కోళ్లు తలుపు దగ్గరికి వస్తే నోటితో కూడా అదిలించేవాడు కాదు, కర్రతో మెల్లగా నెట్టేవాడు. ఈ సంగతి నీకు ఫోన్‌లో చెబితే నవ్వావు. బాపుకు మంచి కొలువు దొరికింది అన్నావు.

ఇంతవరకూ రాసి లేచి వెళ్లి చాయ్ పెట్టుకుని వచ్చాను. చాయ్ తాగకుండానే చల్లారిపోయింది. ఇక రాయక తప్పదు.

బావా, ఆ గదిలో నేను ఒక్క బొమ్మ కూడా గీయలేదు.

నీకు పంపిన ఫొటోలన్నీ పాతవి. చేవెళ్ల మార్కెట్లో టమాటా గంపల పక్కన కూర్చున్న ముసలామె బొమ్మ చూసి నువ్వు క్యాంపులో అందరికీ చూపించానన్నావు కదా, అది నేను కాలేజీ ఆఖరి సంవత్సరంలో వేసింది. పెట్టెలో ఉన్న పాత బొమ్మలు ఒక్కొక్కటీ తీసి, స్టాండ్ మీద పెట్టి, కిటికీ కనపడేలా ఫొటో తీసి పంపాను.

ఎందుకు గీయలేకపోయానో నాకు పూర్తిగా తెలియదు. ఇంతకుముందు వంటింట్లో పీట మీద కాగితం పెట్టుకుని, పక్కన పప్పు ఉడుకుతుంటే గీసేదాన్ని. బొమ్మ చెడిపోతే పొయ్యిలో వేసేదాన్ని. అది చెడిపోయిందని ఎవరికీ తెలిసేది కాదు. ఈ గదిలో అడుగు పెట్టగానే నువ్వు ఎండలో నిచ్చెన మీద ఉన్నట్టు, మామ బండలు మోస్తున్నట్టు కనిపించేది. ఇంతమంది ఇంత చేశాక గీసే బొమ్మ ఎంత బాగుండాలి అనిపించేది. అంత బాగా గీయడం నాకు రాదు. గది నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దంలో నాకు పోయిన పిల్లలు తప్ప ఏమీ గుర్తొచ్చేది కాదు. ఒంటిగంట దాకా కుర్చీలో కూర్చుని తెల్ల కాగితం చూసేదాన్ని. బయటికి వచ్చే ముందు కొంచెం రంగు పిండి వేళ్లకు పూసుకునేదాన్ని. మామ నా చేతులు చూసి సంతోషపడేవాడు. "ఇయ్యాల మస్తు పనైనట్టున్నది" అనేవాడు.

పోయిన డిసెంబర్‌లో నువ్వు వచ్చేద్దామనుకున్నావు. గది పైన వేసిన రేకుల మీద వాన చప్పుడు ఎక్కువగా ఉంది, ఇంకో ఏడాది ఉంటే స్లాబు వేయించవచ్చు, రావాలా ఉండాలా నువ్వే చెప్పు అని అడిగావు. "పని మంచిగ సాగుతున్నది బావా, స్లాబే వేద్దాం" అన్నాను. నువ్వు వస్తే తలుపు తీసి చూస్తావని భయపడ్డాను. నా భయం కోసం నిన్ను ఏడాది ఆపాను. ఆ ఏడాదిలోనే మామ పోయాడు.

ఇక ఆరోజు సంగతి. మామ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడని నీకు చెప్పాను. అట్లా జరగలేదు.

అది మంగళవారం. అత్తమ్మ క్యారెట్ తీతకు పోయింది. నేను లోపల ఉన్నాను, మామ అరుగు మీద. పది గంటల వేళ పక్కింటి ప్రేమమ్మ కరివేపాకు కోసం వస్తే, మామ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడట. అంగీ అంతా చెమట. "ఏమైందన్నా, లిదియాను పిలువనా?" అని తలుపు వైపు నడవబోయిందట. మామ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "పిలువకు. లోపట పని జేస్తున్నది. జర సేపైతే తగ్గుతది. కొన్ని నీళ్లియ్యి" అన్నాడట. ఆమె నీళ్లిచ్చింది. సోడా తాగితే తగ్గుతుందేమోనని దుకాణానికి పోయింది. దుకాణం మూసి ఉంటే రోడ్డు దాకా నడిచి, తిరిగి వచ్చేసరికి అరగంట దాటింది. అప్పటికి మామ అరుగు కిందికి జారిపోయి ఉన్నాడు. ఈ సంగతులన్నీ ప్రేమమ్మ సమాధి అయ్యాక మూడో రోజు నాతో చెప్పి ఏడ్చింది. ఆమెను ఏమీ అనకు బావా. ఆమె మామ మాట విన్నది, అంతే.

ఆమె తలుపు కొట్టింది. ఆ రబ్బరు పట్టీ వల్ల వినపడలేదని నేను అందరికీ చెప్పాను. మొదటి దెబ్బే నాకు వినిపించింది. వినపడనట్టు కూర్చున్నాను. ఎవరో వచ్చారు, మామ మాట్లాడి పంపించేస్తాడులే అనుకున్నాను. పనిలో ఉన్నదాన్ని వెంటనే లేవకూడదు కదా. వేళ్లకు నీలం రంగు పూసుకున్నాను. ఆ తర్వాతే లేచి గడియ తీశాను.

ఆటోలో మామ తల నా ఒడిలో పెట్టుకున్నాను. చేవెళ్ల దాకా కళ్లు తెరిచే ఉన్నాడు. ఆయన ముఖం తుడుస్తుంటే నా వేళ్లు చూశాడు. "నీ పని ఖరాబు జేసిన బిడ్డా" అన్నాడు. అదే ఆయన ఆఖరి మాట. నీ పేరు తలచుకున్నాడని చెప్పింది అబద్ధం. నువ్వు తట్టుకోలేవని చెప్పాను. దవాఖానలో దింపేటప్పటికే ప్రాణం లేదు. కొంచెం ముందు తెస్తే బతికేవాడా అని డాక్టరును అడిగాను. చెప్పలేమమ్మా అన్నాడు. ఆయన అంగీ కాలర్ మీద నా చేతి రంగు అంటుకుని ఉంటే, అత్తమ్మ చూసి కాలర్ లోపలికి మడిచింది.

పోయిన ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక అత్తమ్మకు అంతా చెప్పాను. నన్ను చిన్నప్పటి నుంచి ఎత్తుకు తిరిగిన మేనత్త ఆమె. ఆమె దగ్గర దాచి ఒకే ఇంట్లో ఉండలేకపోయాను. ఆమె మెంతికూర తెంపుతోంది. చివరిదాకా తెంపుతూనే విన్నది. తర్వాత లేచి ఆ గదిలోకి పోయి నా కుర్చీలో కూర్చుంది. రాత్రి ఇద్దరం తినలేదు. తెల్లారి నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుంటే, "మాఫ్ చెయ్యమని ఇప్పుడు అడగకు బిడ్డా. నాతోని కాదు. లేసి అన్నం తిను" అంది. కాసేపటికి మళ్లీ తనే, "సుకుమార్‌కు రాయి. నేను చెప్పితే కోపానికొస్తడు. నువ్వే చెప్పాలె" అంది. అప్పటి నుంచి నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. కానీ నేను తినేదాకా తను తినడం లేదు.

నిన్న తలుపు చుట్టూ ఉన్న రబ్బరంతా పీకేశాను. గడియ కూడా తీసేశాను. తలుపు బార్లా తెరిచే ఉంటోంది, కోళ్లు లోపలికి వచ్చి పోతున్నాయి. గీస్తున్నానని మాత్రం రాయను. ఇక గీస్తానో లేదో కూడా తెలియదు. స్కూల్లో మళ్లీ అడిగాను, వచ్చే నెల నుంచి రమ్మన్నారు. పొద్దున మెహదీపట్నం బస్సు ఎక్కి మొయినాబాద్‌లో దిగితే సరిపోతుంది. పిల్లలకు ఆకులూ పండ్లూ గీయడం నేర్పించడం వరకు నా చేతనవుతుంది.

ఇంకా అక్కడే ఉండాలంటే నీ కంపెనీ కాగితం మీద మళ్లీ సంతకం పెట్టాల్సిన గడువు ఈ నెలాఖరు అన్నావు. నా కోసమని పెట్టకు. నా మీద కోపంతో కూడా పెట్టకు. అత్తమ్మకు కొడుకు కావాలి, అది మాత్రం నాకు తెలుసు. నువ్వు వచ్చి నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. ఈ ఇంట్లో ఉండొద్దంటే మా అమ్మగారింటికి పోతాను, ఎవరికీ కారణం చెప్పను. నువ్వు అడిగిన ఆరోజు స్లాబు వద్దు, వచ్చెయ్ అని అననందుకు నాకు నేనే సమాధానం చెప్పుకోలేకపోతున్నాను, నీకేం చెప్పను.

ఎలీషా అన్న నీకు ఈ ఉత్తరం ఇచ్చేసరికి శుక్రవారం అవుతుంది. ఆరోజు నీకు సెలవు. నువ్వు చదివేదాకా నేను ఫోన్ చెయ్యను. చదివాక చెయ్యాలా వద్దా అనేది నీ ఇష్టం. చేసి ఏమీ మాట్లాడకపోయినా సరే, నేను పెట్టేయను.

ఇట్లు,
నీ మేనమామ బిడ్డ, నీ భార్య
లిదియా