ప్రతి సాహసమూ పరీక్షించినదే

శుక్రవారం, సాయంత్రం టీ వేళ

వీరపతక గ్రహీతలు, గూఢచారి నవలల చక్రవర్తి అయిన బావగారి సముఖానికి బావమరిది నమస్కరించి రాసుకునేది.

అక్కా నేనూ క్షేమం. మీ క్షేమం సంగతి చివర్లో రాస్తాను.

మీ కొత్త నవల కాపీలు నిన్న వచ్చాయి. అట్ట మీద విమానం బాగా మండుతోంది. మొదటి పేజీలో ఎప్పటిలాగే 'ఇందులోని ప్రతి సాహసమూ పరీక్షించి చూసినదే' అని వేశారు. ఎవరి మీద పరీక్షించారో మాత్రం వేయలేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

యుద్ధంలో మీరు నిజంగా వీరులే, కాదంటే కళ్ళు పోతాయి. కాలుతున్న విమానంలోంచి ఇద్దరిని బయటికి లాగారు. ఇంటికొచ్చి కలం పట్టాకే మీ ధైర్యమంతా నా ఒంటి మీదికి మళ్ళింది. పారాచూట్ సగమే తెరుచుకుంటే ఎలా ఉంటుందో చూడాలని నన్ను మేడ మీంచి దూకించారు. నవలలో మీ హీరో దులుపుకుని లేచాడు. నా ఎడమకాలు ఇప్పటికీ వాన సంగతి ముందే చెబుతుంది.

ఆ తర్వాత పెరట్లో కిటికీ లేని గది. బందీ అయిన గూఢచారి తలపిన్నుతో ఇనప తలుపు తాళం తీయగలడా అని నన్ను లోపల పెట్టి తాళం వేశారు. రెండు రోజులు గీకాను. గోళ్ళు ఊడాయి గాని తాళం ఊడలేదు. అరిస్తే వీధిలోకి వినబడదని కూడా తేలింది. కుదరదు బావగారూ అన్నాను. కుదరకపోతే కథ ఆగిపోతుందిరా అన్నారు, నవలలో మూడు నిమిషాల్లో తీయించారు. ఆ గది మీకెంత నచ్చిందంటే, ఇప్పుడు రోజూ అందులోనే కూర్చుని రాస్తున్నారు. ఎవరూ కదిలించకుండా బయట తాళం వేయించుకుని, టీ వేళకి నా చేత తీయించుకుంటున్నారు.

నా ఒంటితో సరిపెట్టి ఉంటే ఊరుకునేవాణ్ణి. మొన్న మంగళవారం మీ ప్రూఫులు దిద్దేవాడి చేత, నేను లారీ కింద పడి చచ్చానని అక్కకి ఫోన్ చేయించారు. చావుకబురు వింటే ఆడమనిషి ఎలా కూలుతుందో చూడాలని పెన్సిలు పట్టుకుని తలుపు చాటున నిలబడ్డారు. నేను కూరగాయల సంచీతో వచ్చేసరికి అక్క నేల మీద కూర్చుని నా చొక్కా మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది. నన్ను చూశాక కూడా ఆపలేదు. మీరేమో, ఏడుపు సరిగ్గా రాలేదు, నవలకి పనికిరాదు అన్నారు. ఇన్నాళ్ళూ మీరంటే నాకు భయం. ఆ మాటతో అది పోయి అసహ్యం మిగిలింది.

ఇవాళ పొద్దున అక్క పెట్టె సర్దుతూ, ఆయన పుస్తకం ఒక్కటి కూడా ఇందులో పెట్టకురా అంది.

ఇట్లు,
మీ హీరోలందరికీ ఎముకలు అరువిచ్చిన
బావమరిది

తా.క.: టీకి బదులు ఈ ఉత్తరం మీ తలుపు కింద నుంచి తోస్తున్నాను. తాళంచెవి అక్క సంచీలో ఉంది. మేము బస్సుకి బయల్దేరుతున్నాం, ఎప్పుడు తిరిగొస్తామో ఇంకా అనుకోలేదు. మీ కూజాలో నీళ్ళున్నాయి, నాకప్పుడు అవీ లేవు. కవరు అడుగున అక్క తలపిన్ను పెట్టాను. మీకు మూడు నిమిషాలు చాలు.