'ఈ' అక్షరం దగ్గర

అశోక్‌నగర్,
12-2-2012

మస్కట్‌లో ఉన్న నా బిడ్డ ముత్యాలుకు నాయన దీవించి రాయునది. ఇక్కడ నేనూ, నీ బిడ్డ రమ్యా ఉన్నంతలో బాగున్నాము. నువ్వూ బాగున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. నా మోకాలు సంగతి అడిగావు. మెట్లు ఎక్కితేనే నొప్పి. రమ్య వేళకు తింటోంది. చిక్కడపల్లిలో కందిపొడి కొని తెచ్చాను. అది ఉంటే ఇంకేమీ అడగదు. ఆ మధ్య ఫోన్‌లో ఎందుకు ముక్తసరిగా మాట్లాడిందని అడిగావు. ఆ సంగతికి వస్తాను.

చూపులేని పిల్ల పోటీలో గుర్రాన్ని ఎట్లా తిప్పుతుందని రాశావు. మైదానం చుట్టూ ఎనిమిది చోట్ల ఇంగ్లీషు అక్షరాలు పెడతారు. ఒక్కో అక్షరం దగ్గర ఒక మనిషి. గుర్రం దగ్గరికి రాగానే తన అక్షరం గట్టిగా పలకాలి. ఆ గొంతును బట్టి రమ్య గుర్రాన్ని తిప్పుతుంది. ఒక మనిషి తక్కువైతే, స్వారీ నేర్పే గోవర్ధన్ సారు నన్ను 'ఈ' దగ్గర నిలబెట్టాడు. నలుగురిలో నోరు తెరవని వాణ్ని, నీకు తెలుసు. గదిలో మెల్లగా 'ఈ, ఈ' అనుకుంటుంటే, పక్క గదిలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు "తాతా, గ్రూప్ టూ రాస్తున్నవా ఏంది?" అని నవ్వారు.

ఇక దాచి లాభం లేదు. మూడు వారాల కింద రమ్య గుర్రం మీంచి పడింది. కుడి మణికట్టు వాచింది. ఎముక విరగలేదని డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పాడు. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది.

తప్పు నాది. గుర్రం నా వైపే వచ్చింది. అంత పెద్ద జంతువు. నాకు గుండె జారింది. చేనులో పడ్డ బర్రెను అదిలించినట్టు 'ఏయ్' అన్నాను. రమ్యకు అది 'ఏ' అని వినపడింది. 'ఏ' అక్షరం దగ్గర లోపలికి మళ్లాలి. కళ్లెం ఒక్కసారిగా గుంజింది. గుర్రం తడబడింది.

"నేనే తప్పు విన్న సార్," అంది లేస్తూ. నేను నోరు మెదపలేదు. ఇంకోసారి ఇట్లా తప్పు వింటే పోటీకి పంపనని సారు అన్నాడు. అప్పుడూ మెదపలేదు.

నిన్న నారాయణగూడ బస్టాపులో దానికి చెప్పేశాను. రెండు బస్సులు పోయాయి.

"గట్లయితే 'ఏ' కాడనే నిలబడు తాతా," అంది చివరికి. "నువ్వు భయపడ్డా అక్షరం తప్పదు."

సారుకూ తనే చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు.

పోటీ వచ్చే శుక్రవారం. ఈ ఉత్తరం నీకు చేరడానికి పన్నెండు రోజులు పడుతుంది. ఫోన్‌లో చెబితే నువ్వు వద్దంటావు, అది గుర్రం దిగుతుంది. అందుకే ఉత్తరం రాశాను. నువ్వు చదివే వేళకు జరిగేది జరిగిపోయి ఉంటుంది. నాకు అన్నం దిగడం లేదు బిడ్డా.

ఇట్లు,
నిన్ను అడగకుండా నీ బిడ్డను మళ్లీ గుర్రం ఎక్కిస్తున్న
నీ నాయన
బుగ్గయ్య