మామగారి గొంతుతో ఇరవై ఒక్క కిలోమీటర్లు

జూలై 14, సోమవారం, ఉదయం 5:40
సతారా కొండ పరుగుకు మళ్ళీ పేరిచ్చాను. మూడోసారి. యవతేశ్వర్ ఘాట్ ఎక్కి దిగాలి, ఇరవై ఒక్క కిలోమీటర్లు. గత రెండేళ్ళూ సగంలోనే కూలబడ్డాను. ఈసారి రహస్యం దొరికింది: పాటలు! చెవిలో హుషారు పాట ఉంటే కాళ్ళకు అలసట తెలియదట. నలభై రెండు ఎక్కించాను.

జూలై 15
పాట వేగానికి అడుగులు వేశాను. మొదటి రెండు పాటలకు గాల్లో తేలాను! మూడోది మరీ జోరు. నాలుగో పాటకు రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను. పాట మాత్రం ఆగలేదు.

జూలై 19
జోరు పాటలు తీసేసి విఠలుడి భక్తి పాటలు, అభంగాలు పెట్టాను. మనసు ప్రశాంతం. కాళ్ళు అంతకంటే ప్రశాంతం. చేతికర్రతో వాకింగ్‌కొచ్చిన పెద్దాయన నన్ను దాటిపోయాడు.

జూలై 24
పాటలు వద్దు. హత్య కథ వింటూ పరుగు. హంతకుడు తేలే చోట కల్వర్టు మీద కూర్చుని చివరిదాకా విన్నాను.
పరుగు: 1.2 కి.మీ.
కూర్చున్నది: నలభై నిమిషాలు.
హంతకుడు: వంటవాడు.

జూలై 27, ఆదివారం
మా మామగారు దత్తోబా శెడ్గే ముప్పై ఏళ్ళు కుస్తీ మైదానాల్లో మైకు పట్టి వ్యాఖ్యానం చెప్పిన మనిషి. ఆరేళ్ళుగా ఎవరూ పిలవడం లేదు. ఇప్పుడంతా కుర్రాళ్ళదే మైకు. అప్పటినుంచీ ఇంట్లో రోజుకు నాలుగే మాటలు: టీ, పేపరు, ఫ్యాను, చాలు.
ఈరోజు అటుకుల పోహా తింటూ ఐదో మాట మాట్లాడారు.
"సూన్‌బాయీ!" కోడలినని నన్ను అలాగే పిలుస్తారు. "ఆ పాటలు నీకోసం పాడినవి కావు. అందుకే పనిచెయ్యట్లేదు. ఆ ఫోను ఇలా తే."
తలుపేసుకుని ఫోనులోకి అరగంట అరిచారు. మావారు సయాజీ స్నానం మధ్యలో తువ్వాలుతో బయటికొచ్చి అడిగారు. "ఏమైంది? ఎవరిని కొడుతున్నారు?"

జూలై 28
"ఉజ్వల గోదాలోకి దిగింది! ఎదురుగా ఘాట్! ఎందరినో మట్టి కరిపించిన ఘాట్! ఉజ్వల భయపడిందా? శెడ్గేల కోడలు భయపడడమా! ఎడమకాలు వేసింది... ఘాట్ మెడ దొరకబుచ్చుకుంది!"
ఏడు కిలోమీటర్లు!!! ఒళ్ళంతా పులకరింత. ఇంటికొచ్చి మామగారి కాళ్ళకు దండం పెట్టాను.

ఆగస్టు 6
పదకొండు! రోజుకో కొత్త రికార్డింగు. మామగారు గడ్డం గీసుకుంటున్నారు. తలపాగా పెట్టెలోంచి తీసి ఇస్త్రీకిచ్చారు. భోజనాల దగ్గర కూడా ఆగడం లేదు. "సయాజీ చెయ్యి చాపాడు! భాకరి రొట్టె జారిపోయింది!"
"నాన్నా, తిననివ్వండి," అన్నారు మావారు.
"బతిమాలుతున్నాడు!" అన్నారు మామగారు.

ఆగస్టు 17, ఆదివారం
రికార్డులో ప్రాణం ఉండదట, పట్టు కళ్ళారా చూసి చెప్పాలట. అందుకని నేను ముందు. వెనక మావారి స్కూటరు. దాని మీద తలపాగాతో, చేతి లౌడ్‌స్పీకరుతో మామగారు.
కొండ మీది ఊళ్ళో జనం పొలోమని రోడ్డు మీదికొచ్చారు.
"కుస్తీ ఎక్కడ? పహిల్వాను ఏడీ?"
"అదిగో, చుడీదార్‌లో!"
ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఒక పెద్దావిడ నా భుజం పిసికి చూసి, "మా మనవరాలుంది, కుస్తీ పడతావా?" అంది. వెనక్కి చూడకుండా దౌడు. నా జన్మలో అంత వేగంగా పరిగెత్తలేదు.

ఆగస్టు 25
మామగారి గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం, మౌనం. ఆ గొంతు లేనిదే నా కాళ్ళు మంచం దిగవు. ఎనిమిది రోజులుగా పరుగు లేదు. ఆయనకు విశ్రాంతి ఇచ్చి నేను పరిగెత్తడం మర్యాద కాదు కదా! వాన కూడా ఉంది. తిన్న కందీ పేఢాలు: పదకొండు.

సెప్టెంబర్ 7, ఆదివారం, సాయంత్రం
జరిగింది జరిగినట్టు రాస్తాను.
పందెంలో ఇయర్‌ఫోన్లు కూడదన్నారు. మామగారేమో తొమ్మిదో కిలోమీటరు దగ్గర లౌడ్‌స్పీకరుతో నిలబడతానన్నారు. ఆ ఆశతోనే ఎక్కాను. రెండు మలుపుల కిందికే గొంతు వినిపించింది. బొంగురు పూర్తిగా పోయింది! దగ్గరికెళ్ళాక మాటలు తెలిశాయి.
"తొమ్మిది గజాల చీర! అరవై మూడేళ్ళ వయసు! ఘాట్‌ను ఎత్తి కుదేసింది వత్సలబాయి!"
ఎవరీ వత్సలబాయి? ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ! చుట్టూ ముప్పై మంది పరుగు ఆపేసి నోరు తెరుచుకుని వింటున్నారు.
"మామయ్యా! నేనొచ్చాను!"
"ఆగు సూన్‌బాయీ, పట్టు మధ్యలో ఉంది."
రోడ్డు మీదే కూర్చున్నాను. అప్పుడు తిరిగారు ఇటు.
"శెడ్గేల కోడలు కూర్చుంది! లేస్తుందా? లేవదు! మొండిపట్టు!"
జనం చప్పట్లు. నా కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఇంక ఎలా లేస్తాను?
వెనకపడ్డవాళ్ళను ఏరుకునే బస్సొచ్చింది. డ్రైవరుకు నేను మూడేళ్ళ పరిచయం. "కిటికీ పక్కన ఖాళీ ఉంది తాయీ," అన్నాడు.
మొదటి మలుపులో ఏడ్చాను. రెండో మలుపులో తిట్టుకున్నాను. మూడో మలుపులోనూ ఆయన గొంతు లోయంతా మోగుతూనే ఉంది. ఆరేళ్ళు ఆ గొంతు మా ఇంట్లో టీ అడగడానికే పనికొచ్చింది. డ్రైవరుతో అన్నాను: "కాస్త ఆపండి, వినాలి."

అక్టోబర్ 28, మంగళవారం, ఉదయం 5:50
ఆ రోజు విన్నవాళ్ళలో ఒకాయన కుస్తీ పోటీలు పెట్టిస్తాడట. నిన్న మామగారిని మైకు పట్టడానికి కారులో సాంగ్లీ వైపు తీసుకెళ్ళాడు. ఇల్లంతా నిశ్శబ్దం.
మళ్ళీ మొదలు! మొదటి రోజు. ఈసారి చెవిలో ఏమీ లేదు. రెండు కిలోమీటర్లు.
పాలవాడు సైకిలు నా పక్కకు తెచ్చి, కాసేపు అలాగే తొక్కి, అడిగాడు. "ఎవరు గెలుస్తున్నారు వహినీ?"
అప్పుడు తెలిసింది, ఇంతసేపూ నేను పైకే అరుస్తున్నానని.
"ఇంకా తేలలేదు దాదా," అన్నాను.