తప్పు: హేమావతి, వరుస 212

కర్నూలు

ప్రియమైన నాగార్జునకు,

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి "చూస్తాలే" అని పెట్టేశాను. అసలు మాట ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. ఆ పని నేను చెయ్యను.

మాధవరంలో మీ షెడ్డు మగ్గాలను నడిపే ప్రోగ్రాం నేనూ మీ అక్క హేమా కలిసి రాసింది. రాసిన మాటను మగ్గానికి అర్థమయ్యేట్టు మార్చే కంపైలర్ నాది, మాక్రోలు ఆమెవి. షెడ్డులో డిజైన్లు రాసే గురమ్మ "మామిడిపిందె అంచు" అని ఒక్క మాట రాస్తే, కంపైలర్ దాన్ని హేమ ముందే రాసిపెట్టిన వందల వరుసలుగా విప్పి మగ్గానికి అందిస్తుంది. ఆ ఒక్క మాటే మాక్రో. ఆ మాట పక్కన గురమ్మ పోగుల లెక్క తప్పు రాస్తే, అది విప్పిన తర్వాతే బయటపడుతుంది. అప్పుడు కంపైలర్ గురమ్మ రాసిన చోటు చూపదు. హేమ ఫైలు చూపుతుంది. "తప్పు: హేమావతి, వరుస 212."

కంపైలర్లు రాసేవాళ్లకు తెలిసిన చిక్కే ఇది. విప్పేటప్పుడు ప్రతి వరుసకూ, అది ఎవరు ఎక్కడ రాసిన మాట నుంచి వచ్చిందో గుర్తు కట్టి పంపాలి. కష్టమేమీ కాదు. హేమ ఉన్నప్పుడే అడిగేది. "ఏమప్పా, ఊళ్లో తప్పులన్నీ నా నెత్తికేనా?" అని.

ఆమె పోయినాక రేషన్ కార్డులో పేరు తీసేశారు. బ్యాంకులో తీసేశారు. ఆమె నంబరుకు చేస్తే ఎవరో మగమనిషి ఎత్తుతున్నాడు. ఆమె పేరు ఇంకా పైకి చదివే చోటు మీ షెడ్డు ఒక్కటే. "హేమక్క మళ్లీ అలిగిందే" అని నవ్వుకుంటారట కదా. ఆ పేరు నా చేత్తో నన్ను తీయమనొద్దు.

మీ బావ,
చంద్రమోహన్


కర్నూలు

నాగార్జునా,

నీ జవాబులో రెండే వాక్యాలు. "ఆ పేరు చదివినప్పుడల్లా అమ్మ నూలు కండెలు చుట్టేది ఆపి బయటికి పోతాంది బావా. ఎండలో నిలబడుకోనుంటాది."

అత్తమ్మ సంగతి నాకు ఇంతవరకూ తెలియదు. ఆ రోజే పనికి కూర్చున్నాను.

చోటు చూపించడం తొందరగానే వచ్చింది. తప్పును చెప్పే మాటలే రాలేదు. "చెల్లని విలువ" అని రాసి కొట్టేశాను. అది చూసి గురమ్మ ఏం చేసుకుంటుంది? హేమ ఆమె వెనక నిలబడి ఉంటే ఎట్లా చెప్పేదో, చివరికి అట్లాగే రాశాను.

శనివారం మాధవరం వెళ్లాను. నువ్వు కోయిలకుంట్లలో ఉన్నావు కాబట్టి జరిగింది చెబుతున్నాను. గురమ్మను కావాలని ఒక తప్పు రాయమన్నాను.

"ఇదేందప్పా, చెప్పి మరీ రాయిస్తాండావు? చెప్పకుండానే రోజూ రాస్తాండాం గదా!" అని అందరినీ నవ్వించి రాసింది. తర్వాత తెర మీదిది అలవాటుగా పైకి చదివింది.

"ఈడ చూడక్కా. నువ్వు రాసిన పద్నాలుగో వరుస. అంచుకు నాలుగు పోగులు తక్కువైనాయి. ఏం కాలేదులే, సరిచేసుకో."

చివరికొచ్చేసరికి గురమ్మ గొంతు తగ్గిపోయింది. హేమ పేరు ఎక్కడా లేదు. ఎవరూ నవ్వలేదు.

మూలన అత్తమ్మ రాట్నం ఆగింది. లేచి పోతుందనుకున్నాను. గురమ్మ కూడా అదే అనుకున్నట్టుంది, తెర ఆపేయడానికి చెయ్యి చాపింది.

అత్తమ్మ లేవలేదు. తల కూడా ఎత్తలేదు.

"ఇంగోతూరి తప్పు రాయి, గురమ్మా" అంది.

గురమ్మ రాసింది. నేనెక్కాల్సిన కడప బస్సు వచ్చి హారన్ కొట్టింది. నేను కదల్లేదు.

మీ బావ,
చంద్రమోహన్