బెంచీ మీద అందరికీ తగ్గిన నొప్పి

ప్రియమైన నా చిట్టితల్లికి,

ముందు కూర్చో. నిలబడి చదివితే ఆనందంతో పడిపోతావు. నీ మందు పరీక్షలో నేను చేరాను! అవునే, నేనే! షుగరు ఉన్నవాళ్ల కాళ్ల మంటకి కొత్త మాత్ర ఇచ్చి చూస్తున్నారని ఇక్కడి పెద్దాసుపత్రిలో బోర్డు పెట్టారు. దాని కింద మీ ఆఫీసు పేరు కనపడింది. అన్ని ఊళ్ల లెక్కలూ కలిపి మందు పనిచేసిందో లేదో తేల్చేది నా కూతురే కదా అని అక్కడే నవ్వేశాను, పక్కాయన నన్ను పిచ్చివాడనుకున్నాడు. నీకు చెబితే వద్దంటావని చెప్పకుండా చేరిపోయాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నాకు సగం వినపడదు, మిగతా సగం నువ్వు మింగేస్తావు. ఉత్తరమే హాయి.

వారానికోసారి వెళ్లాలి. పొడుగాటి వరండా, గోడకి ఆనించి ఒక బెంచీ. దాని మీద నేను, టైలరు, రిటైరైన టీచరమ్మ, ఇంకా కొందరు. ఒక్కొక్కరినీ కర్టెన్ వెనక్కి పిలిచి నర్సమ్మ అడుగుతుంది. "సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే తట్టుకోలేనంత. ఈ వారం మీది ఎంత?" మనం చెప్పిన అంకె రాసుకుని పంపించేస్తుంది. ఆ అంకెలే తిన్నగా నీ దగ్గరికి వస్తాయట!

జీవితమంతా లిఫ్టు నడుపుతూ నిలబడ్డ కాళ్లు కదా, మొదటిరోజు ఎనిమిది చెప్పాను. ఇప్పుడు రెండు! ఎనిమిదో అంతస్తు నుంచి రెండో అంతస్తుకి దించేశాను, మధ్యలో ఎక్కడా ఆపకుండా. నేనొక్కణ్ణేనా, బెంచీ అంతా దిగుతోంది. టైలరు మూడు, టీచరమ్మ ఒకటి. నర్సమ్మ మొహం వెలిగిపోతోంది. ఇందులో నా చెయ్యి కూడా కొంచెం ఉందిలే, నువ్వొచ్చినప్పుడు చెబుతాను.

మీ అమ్మ పక్కనుంచి ఏదో గొణుగుతోంది. పట్టించుకోకు.

నిన్ను చెప్పుకుని ఊరంతా మురిసి తిరుగుతున్న
మీ నాన్న

*

ప్రియమైన నాన్నకి,

అలవాటు కొద్దీ ప్రియమైన అని రాశాను. నిజానికి ఒళ్లు మండిపోతోంది. ఫోన్ చేస్తే అరుస్తాను, అందుకే రాస్తున్నాను.

లెక్కలు చూసేవాళ్ల ఇంటివాళ్లు ఆ పరీక్షలో చేరకూడదు. చేరేటప్పుడు ఆ ప్రశ్న అడుగుతారు కూడా. ఏం చెప్పావు? ఎవరూ లేరనా? నాకు పేర్లు కనపడవు నాన్నా, అంకెలే కనపడతాయి. మీ ఆసుపత్రి అంకెలు ఇంత బాగున్నాయేంటని మొన్న మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నది నేనే. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోను?

నిన్న అమ్మతో మాట్లాడాను. "మీ నాన్న పాదాల మీద దుప్పటి ఆననివ్వడు. చెప్పులు తొడుక్కుని గుమ్మం దాకా వెళ్లి కూలబడతాడు" అంది. మరి ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చింది? అందరికీ తగ్గడంలో నీ చెయ్యి ఉందన్నావు. ఏం చేశావు? జోకులొద్దు. ఉన్నదున్నట్టు రాయి.

జవాబు కోసం పళ్లు నూరుకుంటూ
నీ కూతురు

*

ప్రియమైన ఆఫీసరమ్మగారికి,

మెచ్చుకుంటావనుకున్నాను. మొహాన చన్నీళ్లు కొట్టావు. సరే, ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నాకేం భయం?

చేరిన కొత్తలో బెంచీ మీద ఒకటే మూలుగులు. టైలరైతే మరీను. "ఈ మాత్ర మింగినా ఒకటే, మట్టి మింగినా ఒకటే" అన్నాడు. నా కూతురి మందుని మట్టి అంటాడా! నాకు తిక్క రేగింది. కానీ తమాయించుకుని చెప్పాను. "బావగారూ, ఇది మా అమ్మాయి మందు. మీరు చెప్పే అంకె మీదే దాని ఉద్యోగం. రాత్రింబవళ్లు చదివి పైకొచ్చిన పిల్ల. కాస్త తగ్గించి చెబితే మీ సొమ్మేం పోయింది?"

ఆయన గింజుకున్నాడు. "నొప్పి నా కాలికి, పేరు మీ అమ్మాయికా?" అన్నాడు. టీచరమ్మ మాత్రం వెంటనే ఒప్పుకుంది. "పోనీలే తమ్ముడూ, ఎందరు మొద్దులకి పాస్ మార్కులు వేసిన చెయ్యి ఇది, మీ అమ్మాయికి వెయ్యలేనా" అంది. దాంతో అందరూ నవ్వారు. అప్పట్నుంచీ ఎవరొచ్చినా ముందు నా దగ్గర కూర్చుని, తర్వాతే కర్టెన్ వెనక్కి వెళుతున్నారు. ఏ తండ్రి చేస్తాడు ఇంత?

కాళ్లు నావి, మంట నాది. ఎంతుందో చెప్పుకునే హక్కూ నాదే. నీకెందుకే అంత కోపం? చాడీలు చెప్పినందుకు మీ అమ్మతో రెండు రోజులుగా మాట్లాడ్డం లేదు. ఆవిడ హాయిగా ఉందట.

నీ మంచి కోరినందుకు తిట్లు తింటున్న
నాన్న

*

ప్రియమైన నాన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు విసిరేసి మూడుసార్లు తీశాను.

విను. మీ బెంచీ మీద సగం మందికి ఇచ్చేది అసలు మందు. మిగతా సగం మందికి ఇచ్చేది ఉత్త మాత్ర, అందులో ఏమీ ఉండదు. ఎవరికి ఏది వచ్చిందో మీకు తెలియదు, నర్సుకి తెలియదు, నాకూ తెలియదు. చేరేటప్పుడు మీకు ఇదంతా చదివి వినిపించే ఉంటారు, నువ్వు అప్పుడు నా గురించి గొప్పలు చెబుతూ ఉండుంటావు. మందు తిన్నవాళ్లకి ఉత్త మాత్ర తిన్నవాళ్లకన్నా నొప్పి ఎక్కువ తగ్గితేనే అది పనిచేసినట్టు. నువ్వు ఇద్దరి చేతా ఒకటే మాట చెప్పించావు. ఇక తేడా ఎక్కడుంటుంది? మందుని మట్టి చేసింది టైలరు కాదు నాన్నా, నువ్వు.

అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. మాత్రలు మొదలయ్యాక ఎప్పుడైనా నొప్పి ఏడు దాటితే ఆ పూటే నొప్పి తగ్గించే వేరే మాత్ర ఇవ్వాలని నియమం. మనుషుల్ని మంటల్లో కూర్చోబెట్టి లెక్కలు చూడకూడదని పెట్టిన నియమం అది. టైలరుగారు మూడు అన్నారు కాబట్టి ఆయనకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. కాళ్లు కాలుతూ ఇంటికెళ్లాడు ఆ మనిషి, నీ మొహమాటానికి. ఎవడిచ్చాడు నీకు ఆ హక్కు?

మా మీదా నాకు కోపంగానే ఉంది. ఒక్క అంకె అడిగి పంపించేశాం. నిద్ర పట్టిందా, గుమ్మం దాటి నడవగలిగావా అని ఒక్కరూ అడగలేదు. అడిగుంటే మొదటి వారమే పట్టుబడేవాడివి.

ఇవాళే పైవాళ్లకి అంతా రాస్తున్నాను. చేసింది మా నాన్న అనే రాస్తున్నాను. నన్ను ఈ పనిలోంచి తీసేస్తారేమో. తీసెయ్యనీ.

ఎప్పుడు అడిగినా బ్రహ్మాండంగా ఉన్నానంటావు. నీకు ఎంత నొప్పో నీ కన్నకూతురికి తెలియదు. వేరే కారణాలన్నీ పోయినా, నా కోపానికి ఇదొక్కటి చాలు.

నీ కూతురు

*

ప్రియమైన నా తల్లికి,

ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం కోపమే. పీకల దాకా వచ్చింది. కన్నతండ్రి మీద ఫిర్యాదు రాస్తుందా అని ఇంట్లో గిన్నెలు ఎత్తి పడేశాను. మీ అమ్మ వాటిని ఒక్కొక్కటే ఏరుకుంటూ, "అది రాసింది కాబట్టి సరిపోయింది, నేనైతే కర్రతో వచ్చేదాన్ని" అంది.

మీవాళ్లు ఇద్దరు వచ్చారు, అందులో ఒకాయన డాక్టరు. బెంచీ మొత్తాన్నీ ఒక గదిలో కూర్చోబెట్టారు. ఈ ఆసుపత్రి అంకెలేవీ లెక్కలోకి రావన్నారు. ఎందుకో నన్నే చెప్పమన్నారు. చెప్పాను. ఉత్త మాత్రల సంగతీ, ఏడు దాటితే ఇవ్వాల్సిన మాత్ర సంగతీ, నువ్వు రాసినట్టే.

టైలరు లేచాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది. "అంటే నిజం చెప్పుంటే నాకు ఆ పూటే మందు దొరికేదా? మిషను తొక్కలేక కొట్టు మూసుకున్నానయ్యా! నా మనవరాలు ఒళ్లోకి రాబోతే కాలు తగులుతుందని తోసేశాను. నీ కూతురి పేరు కోసమా ఇదంతా?" టీచరమ్మ కూడా మొహం తిప్పేసుకుంది.

అప్పుడు డాక్టరు నావైపు తిరిగాడు. "ఇప్పుడైనా చెప్పండి పెద్దాయనా. మీకు ఎంత?"

నోరు అలవాటు పడిపోయింది, రెండు అనబోయింది. బలవంతంగా ఆపుకుని, "తొమ్మిది" అన్నాను.

టైలరు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "తొమ్మిది పెట్టుకుని వారం వారం నా పక్కన కూర్చుని జోకులేశావా? నీకసలు బుద్ధుందా?" అన్నాడు. అంత కోపంలోనూ మెట్లు దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "పట్టుకున్నానని క్షమించాననుకోకు" అని కూడా అన్నాడు. నేనూ అనుకోలేదు. ఈ సంగతి రాస్తుంటే నా మీద నాకే మండుతోంది, చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

పరీక్ష లేదు ఇప్పుడు. అందరికీ మామూలు మందులే రాశారు, చూపించుకోవడానికి వెళితే మళ్లీ ఆ బెంచీయే. కొత్త డాక్టరమ్మ అంకె అడిగి ఊరుకోదు, నడిపించి చూస్తుంది. నిద్ర సంగతి నన్ను కాదు, మీ అమ్మని అడుగుతుంది. టైలరు కొట్టు తీశాడు, పూటకి ఒక గంట. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడు.

నిన్ను ఆ లెక్కల్లోంచి తప్పించారని అమ్మ చెప్పింది. ఆ రోజు అన్నం సయించలేదు. తర్వాత బెంచీ దగ్గరికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాను, నువ్వేమనుకున్నా సరే. "నా మీద ఫిర్యాదు రాసింది ఎవరనుకున్నారు? నా కూతురే! తన ఉద్యోగం పోతుందని తెలిసి కూడా రాసింది!" టైలరు తల ఎత్తకుండానే, "ఆ పిల్ల నీకెలా పుట్టిందయ్యా" అన్నాడు. టీచరమ్మ నవ్వేసింది. అబ్బ, ఎంత సంతోషమేసిందో రాయలేనమ్మా. పెద్ద చదువు చదివుంటే రాసేవాణ్ణి.

నాకు ఎంత నొప్పో నీకు తెలియదన్నావు. ఇవాళ పొద్దున్న ఆరు. నీ కోసం ఐదు అని రాద్దామని కలం ఊగింది. రాయలేదు. ఆరు.

ఆ ఆరుతోనే, పట్టలేని ఆనందంతో
మీ నాన్న