ఫ్రెంచి వచ్చిన కూతురు

నర్సీపట్నం,
ఆదివారం.

నాన్నకు,

ప్రభువు నామమున వందనాలు చెప్పి మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. ఈసారి చెయ్యి రాలేదు, వదిలేశాను. ఇక్కడ అమ్మ, నేను క్షేమం. మీ క్షేమం అడగను. ఎప్పుడూ 'నువ్వు' అనే నేను 'మీరు' అంటున్నది గౌరవంతో కాదు. పరాయివాళ్ళతో అలాగే మాట్లాడతాం కదా.

జ్ఞానరాజు బాబాయి సెలవు అయిపోయి రేపు అబిజాన్ బయలుదేరుతున్నాడు. మీరిద్దరూ ఒకే జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లు కాబట్టి ఇది మీ చేతికే ఇస్తాడు. ఫోనులో అయితే మధ్యలో కట్ చేసేస్తారు.

అతని చేత మీరు పంపిన ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గలేదు. రోలుగుంట రోడ్డు షెడ్డులో రోజంతా కింద కూర్చుని జీడిపిక్కలు కొడుతుంటే ఎలా తగ్గుతుంది? మీరు పంపిన చాక్లెట్లు సండేస్కూలు పిల్లలకి పంచేశాను, ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. ఇక, ఫ్రెంచి మానేసి సంస్కృతంలోకి మారావా అని అడిగారు. మారలేదు, మారను.

పదో తరగతి తర్వాత అందరూ ఫ్రెంచి వదిలేశారు. అడ్వాన్స్‌డ్ ఫ్రెంచికి స్కూల్లో నేనొక్కదాన్నే మిగిలాను. మీరు అంత దూరం నుంచి ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి, మా అమ్మాయిని మార్చేయండి, మార్కులు పోతాయి అని చెప్పారట. ఆయన అమ్మని పిలిపించి అడిగితే, "సదుతానంటంది కదండీ, సదవనీండి" అని వచ్చేసింది. నా మార్కుల మీద మీకు ఇంత బెంగ ఎందుకా అని అప్పుడు ఆశ్చర్యపోయాను. పిచ్చిదాన్ని.

మా ఫ్రెంచి టీచరు పుష్పవతి మేడమ్‌ది యానాం. సాయంత్రాలు వాళ్ళింట్లోనే నాకు పాఠం. "పరీక్షలో పారిస్ గొంతులే వినిపిస్తారు. అది సాలదమ్మా, అందరి ఫ్రెంచీ తెలియాలి" అని ఆఫ్రికాలో మీరున్న దేశం ఫ్రెంచి రేడియో వార్తలు పెట్టేవారు. మొదట్లో ఒక్క మాటా పట్టుకోలేకపోయేదాన్ని. నాన్న ఉండే ఊరు కదా అని ఇష్టంగా, మళ్ళీ మళ్ళీ వినేదాన్ని. మీకోసమే నేర్చుకున్నాను ఆ యాస.

గుర్తుందా, ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చాక మీరు వీడియో కాల్ చేశారు. మీ వెనక ఒక ఆడగొంతు వినిపించింది. ఎవరని అడిగితే, "వంటమనిషిలే. ఉప్పు అయిపోయిందంట" అన్నారు. ఆవిడ అన్నది అది కాదు. పాపకి జ్వరం తగ్గింది, నాన్న కావాలని ఏడుస్తోంది, రండి అంది. నేను తప్పుగా విన్నానేమోనని రెండు రోజులు నా చెవుల్నే తిట్టుకున్నాను. మిమ్మల్ని అనుమానించడం కన్నా నా చదువుని అనుమానించడం సుళువనిపించింది.

తర్వాత నేను ఫోన్ చేస్తే, మీరు ఇంట్లో మరిచిపోయిన ఫోను ఆవిడే ఎత్తింది. పేరు క్లారిస్ అని చెప్పింది. నేను ఫ్రెంచిలో మాట్లాడేసరికి ఎంత సంతోషపడిందో! "నీకు మా భాష రాదన్నాడే మీ నాన్న! తల్లి లేని పిల్లవి, ఇంత బాగా ఎవరు నేర్పారమ్మా?" అంది.

మా అమ్మ లేకపోవడమేమిటి, వంటింట్లో చేపలు కడుగుతోంది అన్నాను. ఆ వాక్యంలో ఒక్క తప్పూ పోలేదు. "జ్వరంతో పోయిందన్నాడే!" అంది ఆవిడ. చివరికి తన నంబరు చెప్పి రాసుకోమంది.

ఆ సాయంత్రం మీరు చేసిన ఫోను నేను మరిచిపోను. "ఎవుల్ని అడిగి మాటాడినావే? మీయమ్మకి ఒక్క ముక్క సెప్పినావంటే నీ సదువు ఆపించేస్తాను!" అని అరిచి పెట్టేశారు. తప్పు చేశానని ఒక్క మాట అంటారేమోనని ఎదురుచూసిన నన్ను చూసి నాకే అసహ్యం వేసింది. జ్ఞానరాజు బాబాయిని అడిగితే తల దించుకున్నాడు. అతనికీ తెలుసన్నమాట.

ఇప్పుడు మీకు తెలియనిది చెబుతాను. అమ్మకి చెప్పేశాను.

పని నుంచి వచ్చి, చేతులకంటిన జీడి మరకల మీద కొబ్బరినూనె రుద్దుకుంటోంది. అంతా విని, "సచ్చిపోనానన్నాడా?" అంది.

"అవునమ్మా."

"ఏటొచ్చి సచ్చిపోనానంట?"

"జ్వరమని చెప్పాడంట."

ఆ పూట అన్నం తినలేదు. పొద్దున్నే మామూలుగా పనికి పోయింది. నాలుగైదు రోజులకి, నేను చదువుకుంటుంటే పక్కన కూర్చుని, "ఆ బాసలో నాను బతికున్నానని ఎలా సెప్పాలే?" అంది. నేర్పాను. పిక్కలు కొడుతూ, అంట్లు తోముతూ అదే మాట. 'వ' పలికేటప్పుడు పళ్ళు పెదవికి తగలాలమ్మా అంటే కోప్పడకుండా మళ్ళీ చెప్పేది.

నిన్న క్లారిస్‌కి ఫోన్ కలిపి అమ్మ చేతికిచ్చాను.

"జ మపెల్ బేబి. జ సుయి వివాంత్" అంది అమ్మ. నా పేరు బేబి, నేను బతికే ఉన్నాను.

ఆవిడ భోరుమంది. ఏమిటంటోందని అమ్మ అడిగితే, క్షమించమంటోందని చెప్పాను. "తనకేటి తెలుసు పాపం. తన తప్పు కాదని సెప్పు" అంది. ఎంత కష్టమైన పేరాలైనా అనువదించాను గాని, ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. పాపకి రెండేళ్ళట. తను నా చెల్లెలు, నేను మాట్లాడుతూనే ఉంటాను. మీతో కాదు.

మీ బట్టలు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌కి పంపించేస్తానని క్లారిస్ చెప్పింది. అక్కడ చోటు లేకపోతే మన ఇల్లుంది కదా అనుకుంటారేమో. ఫోను పెట్టేశాక అమ్మ నాతో ఒక్కటే అంది: "ఇంటికి రావొద్దని రాసీ. బేగి రాయి, జ్ఞానరాజు ఎల్లిపోతాడు."

రాశాను.

ఇట్లు,
బేబి గారి కూతురు
ప్రేమజ్యోతి